కడిగిన రాళ్ళు

"సరళా! ఓ సరళా! ఈ నీళ్ళేందే, పాల లెక్క అయినయి?"

రాజేశం కేక వంటింట్లోకి వచ్చేసరికి సరళ చేతిలో చాయ గిన్నె ఉంది. దాన్ని స్టవ్వు మీద పెట్టడానికి ఆమెకు రోజూ కంటే చాలాసేపు పట్టింది.

"పాలా? ఏ పాలు?" అంది అక్కడి నుంచే.

"నా తలకాయ పాలు! ఇటొచ్చి చూడు!"

సరళకు చూడాల్సిన అవసరం లేదు. తెల్లవారగానే చూసింది. చూసినప్పటి నుంచి వంటింట్లో చేయని పని లేదు. కడిగిన గ్లాసులు మళ్ళీ కడిగింది. పప్పు డబ్బాను బియ్యం డబ్బా పక్కకు, బియ్యం డబ్బాను పప్పు డబ్బా పక్కకు జరిపింది. ఇక జరపడానికి ఏమీ మిగలక, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది.

టీవీ ఉండాల్సిన బల్ల మీద అబూ తుర్కీ గారి అద్దాల తొట్టి ఉంది. నిన్నటిదాకా అది సముద్రంలోంచి ఒక ముక్క కోసి తెచ్చి పెట్టినట్టుండేది. ఊదారంగు పొర కట్టిన రాళ్ళు, ఒక పెద్ద రాయిని పట్టుకుని పుట్టగొడుగుల్లా విచ్చుకున్న మెత్తటి పగడాలు, నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు, ఎర్ర వీపు రొయ్య ఒకటి. ఇవాళ అందులో ఏమున్నాయో లేవో పైవాడికే తెలియాలి. ఆ నీళ్ళు అలాగే ముంచి చాయలో పోసుకోవచ్చు.

"రాత్రి పండేముందు మంచిగనే ఉండె గదా?" అన్నాడు రాజేశం.

"రాత్రి లైటు ఆర్పే ఉండె గదా," అంది సరళ. ఆమె చెప్పింది అబద్ధం కాదు. నిజంలో ఆమెకు పనికొచ్చిన ముక్క, అంతే.

ఆ తొట్టిలో చేపలు మాత్రమే లేవు. రాజేశం నఖల్ కూడా అందులోనే ఈదుతోంది.

రాజేశం ఏసీలు బాగుచేసే కంపెనీ ఎరుపులో పడింది. సౌదీ మనుషుల్ని సరిపడా పెట్టుకోని కంపెనీలకు సర్కారు ఎర్ర రంగు పూస్తుంది. ఆ రంగు పడిందంటే పనివాళ్ళ ఇఖామాలు, దేశంలో ఉండనిచ్చే కార్డులు, కొత్తవి కావు. ఇఖామా లేనివాడికి ఎగ్జిట్టే, పెట్టె సర్దుకుని దేశం వదలడమే. పచ్చలో ఉన్న కఫీల్, అంటే పూచీపడే యజమాని, ఎవరైనా ముందుకొచ్చి మనిషిని తన మీదికి మార్చుకుంటే దాన్ని నఖల్ అంటారు. దమ్మాములో ఇప్పుడు ఏ ఇద్దరు తెలుగువాళ్ళు కలిసినా, ఆరోగ్యం అడగకముందు నఖల్ అయిందా అని అడుగుతున్నారు.

అబూ తుర్కీ కంపెనీ పచ్చలో ఉంది. మనిషి కూడా మంచివాడే. ఊరు మారిపోతున్న స్నేహితుడొకాయన తన తొట్టిని ఆయన చేతిలో పెట్టి పోయాడు. ఆ నీళ్ళను చల్లగా ఉంచే మిషను చెడిపోతే రాజేశం బాగుచేశాడు. తర్వాత ఇంటికి రంగులు వేయిస్తూ, రంగుల వాసన చేపలకు పడదని విని, "వారం రోజులు నీ దగ్గరే ఉంచు. నీ చేతిలో ఉంటే నాకు నిశ్చింత" అని నీళ్ళు డబ్బాల్లో, రాళ్ళు బకెట్లో తెచ్చి దింపి పోయాడు. శనివారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత వచ్చి తొట్టి తీసుకుపోతాడు. నఖల్ సంగతి కూడా ఫోన్లో అప్పుడే నొక్కేస్తానన్నాడు.

ఆ శనివారం ఇవాళే.

మరి నిన్న శుక్రవారం.

శుక్రవారం నాడు సరళ తల్లిగారింట్లో గడప, రోలు, ఇసుర్రాయి, ఒక్కటి విడవకుండా కడిగిగానీ పొయ్యి ముట్టించరు. దమ్మాములో రోలు లేదు, ఇసుర్రాయి లేదు. గడప ఉండాల్సిన చోట ఇనుప పట్టీ. ఇంట్లో రాళ్ళంటూ ఉన్నవి ఆ తొట్టిలోవే. వాటికేమో పాచి. ఇంత పాచి పట్టిన రాళ్ళు శుక్రవారం పూట ఇంట్లో ఉంచుకుంటే లక్ష్మి వస్తుందా, నఖల్ వస్తుందా?

మొగుడు నఖల్‌కు ఫోటో దిగడానికి స్టూడియోకు పోయిన సమయం చూసి, రాళ్ళన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీసింది. సలసల కాగిన నీళ్ళు పోసింది. ఇనుప పీచు పెట్టి, చెయ్యి మండేదాకా తోమింది. పగడాలు పట్టుకున్న పెద్ద రాయి మాత్రం బరువుకు లేవలేదు, లేకపోతే దానికీ అయ్యేది తలంటు. అన్నీ తిరిగి పేర్చాక, తెల్లగా కొబ్బరి ముక్కల్లా మెరిసిపోతుంటే, మొగుడు చూసి మెచ్చుకుంటాడని సాయంత్రమంతా ఎదురుచూసింది కూడా. అతను పొద్దుపోయి వచ్చేసరికి తొట్టి లైటు ఆర్పేసి ఉంది.

"అమ్మా," అంది సంధ్య.

తొమ్మిదో తరగతి పిల్ల. వాకిట్లో ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. నిన్న బాత్రూము తలుపు సందులోంచి తల్లి తోముడు చూసింది కూడా ఆ పిల్లే.

"ఏంది?"

"ఏం లేదు." ఫోన్లోకి చూసింది. మళ్ళీ తల్లి వంక చూసింది. "ఏం లేదమ్మా."

ఈ పిల్ల ఏమీ అనకపోవడమే సరళకు ఎక్కువ భయంగా ఉంది.

*

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. భోజన్న వచ్చాడు. కింది అంతస్తులో ఉంటాడు. ఓడరేవు దగ్గర చల్లటి గోదాములో చేపల పెట్టెలు దించే పని. కాబట్టి చేపల విషయంలో తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఆయన చూసినవన్నీ చచ్చిన చేపలేనని ఎవరూ గుర్తుచేయరు.

"ఏంది బావా, ఫోన్ల ఏడ్చినట్టే మాట్లాడితివి?" అంటూ తొట్టి ముందు గొంతుక్కూర్చుని, అద్దానికి ముక్కు ఆనించాడు. "ఊఁ... గాలి సోకింది."

"నీళ్ళల్ల ఉన్నదానికి గాలి సోకుడేంది మామా?" అంది సంధ్య.

"అందుకే సోకింది బిడ్డా. అలవాటు లేదు గదా."

రాజేశం ఆయన మాట వినిపించుకునే స్థితిలో లేడు. ఒక మూల నీళ్ళ అడుగున ఏదో ఎర్రగా కదలకుండా పడి ఉంటే అటే చూస్తున్నాడు. చిన్న వలతో పైకి తీశాడు. కాళ్ళు, మీసాలు, వీపు మీద చార. రొయ్య.

కూర్చున్న భోజన్న కూడా లేచి నిలబడ్డాడు. ఎవరూ లేవమని చెప్పలేదు, కాళ్ళే లేచాయి.

"పాయె," అన్నాడు రాజేశం.

"మంచి సైజు ఉండె," అన్నాడు భోజన్న బాధగా. కాస్త ఆగి, "మసాలకు," అన్నాడు.

"అన్నా!" అంది సరళ.

"అది కాదు చెల్లె. ఇసొంటిది మా గోదాముల దొరుకుతది. కొద్దిగ ఎరుపు తక్కువుంటది. తెచ్చి ఏద్దామా? ఆయన మొకం చూసి గుర్తువడతడా?"

"మంచుల పెట్టింది తెస్తవా మామా?"

"కదలకుంటే నిద్రవోతుందని చెప్తం."

సంధ్య వల దగ్గరికి వచ్చి, రొయ్యను వేలితో ముట్టుకుంది. అది కాగితంలా నొక్కుకుపోయింది. "బాపూ, ఇది ఖాళీ. లోపల ఏం లేదు." మళ్ళీ తొట్టిలోకి వంగి చూసి అరిచింది. "అగో! పెద్ద రాయి ఎనకాల! మీసాలు!"

పాల నీళ్ళలోంచి రెండు తెల్ల మీసాలు మెల్లగా ఊగుతున్నాయి. రొయ్య పాత చొక్కా విప్పేసి, కొత్త చొక్కా గట్టిపడేదాకా సిగ్గుతో రాయి చాటున దాక్కుంది.

భోజన్న చచ్చిన చొక్కాకు ఒకసారి, బతికున్న రొయ్యకు ఒకసారి దండం పెట్టాడు.

అందరూ నవ్వారు. రాజేశం కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. అతను బల్ల కిందికి దూరి, నీళ్ళు చల్లబరిచే మిషను మూత విప్పడం మొదలుపెట్టాడు.

"అదెందుకు విప్పుతున్నవు?" అంది సరళ.

"నీళ్ళు చెడిపోయినయంటే ఇంకేం చెడుతది? ఈ మిషనే. నేను చేసిన రిపేరే తప్పయి ఉంటది. లోపల గొట్టం అతుకు సరిగ పడలేదేమో."

"నువ్వు చేసింది చెడిపోతదా?"

"చెడిపోయింది గద, కండ్ల ముందట." స్క్రూలు ఒక్కొక్కటిగా తీసి గ్లాసులో వేస్తున్నాడు. "ఆయనకు ఫోన్ చేసి నేనే చెప్త. నా చేతిపనే సక్కగ లేదు, చేపలు చచ్చేటట్టున్నయి అని. ఆయన వచ్చి చూసి అడిగేకంటె నేను ముందుగాల చెప్పుడు నయం."

ఏసీ మేస్త్రీగా తీసుకోబోయే మనిషికి, నాకు ఏసీ పని రాదని ఆ మేస్త్రీయే ఫోన్ చేసి చెప్పబోతున్నాడు.

ఉదయం నుంచి ఆమె కోరిక రెండు ముక్కలుగా ఉంది. నీళ్ళు తేటపడాలి, లేకపోతే నఖల్ పోతుంది. నీళ్ళు తేటపడకూడదు, పడితే తెల్ల రాళ్ళు బయటపడతాయి. ఏ దేవుడికి ఏమని మొక్కాలో తెలియక, ఇద్దరు దేవుళ్ళకు చెరొకటి మొక్కుకుంది. ఇప్పుడా ఇద్దరిలో ఎవరూ ఆమె మొగుడి చేతిలోని ఫోన్ ఆపేలా లేరు.

"రాళ్ళు నేనే కడిగిన," అంది.

"ఏం రాళ్ళు?"

"అండ్ల రాళ్ళు. నిన్న. ఏడినీళ్ళు పోసి, పీసు వెట్టి తోమిన."

బల్ల కిందినుంచి రాజేశం తల బయటికి వచ్చింది. వస్తూ వస్తూ బల్లకు తగిలింది. అతను పట్టించుకోలేదు.

"రాళ్ళు ఎవలన్న తోముతరా?"

"తోమకుంటే? శుక్రారం పూట పాచిరాళ్ళు ముందట పెట్టుకుని కూసుంటరా?"

"అవి బతికున్న రాళ్ళే! మిషను సామాను కొన్న దుకాణంల చెప్పిండ్రు!"

"రాయి బతికుండుడేంది? అట్లయితే మా తల్లిగారింట్ల రోలుకు కూడ అన్నం పెట్టేటోళ్ళం గద!"

"బాపు చెప్పింది నిజమే అమ్మా," అంది సంధ్య నేల చూస్తూ. "రాయి కాదు, రాయి మీద ఉన్నయి బతికుంటయట. కంటికి కనిపించని సూక్ష్మజీవులు. చేపలు చేసే మలినాన్ని అవే తింటయట. అవి లేకపోతే ఆ మలినమే చేపలకు విషమట. పొద్దుట్నుంచి చదువుతున్న."

సరళ నోటి మీద చెయ్యి వేసుకుంది. తొట్టి శుభ్రం చేద్దామని, తొట్టిని శుభ్రం చేసేవాళ్ళనే తోమి పారేసింది.

"చదివినదానివి చెప్పాలె గదనే!"

"నువ్వు చెప్తవని చూసిన."

రాజేశానికి అప్పుడు కోపం ఎక్కింది. అతను మెల్లగా లేచి నిలబడ్డాడు.

"నాకు సమజైంది. నీకు ఊరికి పోవాల్నని ఉన్నది. పెండ్లాం పిల్లలకు మనిషికింత అని ఈడి సర్కారు పన్ను పెట్టినప్పట్నుంచి బిల్డింగుల ఆడోళ్ళందరు పోతున్నరు, నేను కూడ పోత అన్నవు గద మొన్న. అందుకే నఖల్ చెడగొట్టినవు."

భోజన్న చప్పున తలెత్తి గోడ మీది ఏసీ వంక చూశాడు. "గ్యాసు తక్కువున్నట్టుంది," అన్నాడు ఏసీతోనే.

వంటింట్లో చాయ పొంగి స్టవ్వు మీద పడిన వాసన వస్తోంది. సరళ కదలలేదు.

"కోపంల అన్న," అంది చివరికి. గొంతు పెద్దది చేయలేదు. "పెండ్లైన కాణ్ణుంచి నేను ఊర్లెనే ఉన్న గద. నువ్వు రెండేండ్లకోసారి చుట్టం లెక్క వస్తివి. వస్తే నిన్ను చూసి ఈ పిల్ల తలుపెనక దాక్కుంటుండె. నీ అంగీ ఉతికి ఆరేసేది ఈ ఊరికొచ్చినంకనే గద నేను. ఇప్పుడు ఎగ్జిట్ అయితే నువ్వు ఊర్లె ఉంటవా? ఇంకో దేశం పట్టుకుంటవు. నేను మల్ల గోడతోటి ముచ్చట్లు పెట్టాలె. నఖల్ మీద ఇంత ఆశ పెట్టుకున్నదాన్ని, నేను చెడగొడ్తనా?"

రాజేశం చేతిలోని స్క్రూ డ్రైవరును అటూ ఇటూ తిప్పాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు జేబులో పెట్టుకున్నాడు. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"చాయ పొంగినట్టుంది," అన్నాడు.

"పొంగనీ."

"పొంగినా తాగుత. తే."

వాళ్ళింట్లో క్షమాపణలు అలాగే ఉంటాయి.

*

ఆ తర్వాత గదిలో పని మొదలైంది. సంధ్య ఫోన్లో చూసి చెప్పేది, రాజేశం చేసేవాడు. చేపలకు మేత ఆపమంది, ఆపారు. నీళ్ళల్లోకి గాలి ఎక్కువ పంపమంది, చిన్న మోటారు పెట్టి బుడగలు వదిలారు. కొంత నీరు తీసేసి కొత్తది పోయమంది. అబూ తుర్కీ ఇచ్చిపోయిన సముద్రపు ఉప్పును తాగే నీళ్ళ క్యానులో కలుపుతుంటే భోజన్న వంటింట్లోంచి ఉప్పు డబ్బా పట్టుకొచ్చాడు.

"ఇది కలుపుండ్రి. ఉప్పు ఉప్పే గద."

"అన్నా, నువ్వు ఆ సోఫల కూసో," అంది సరళ. "అది పట్టుకునే కూసో. లేవకు."

తోమని పెద్ద రాయే ఇప్పుడు అందరికీ దిక్కు. దాని మీద మిగిలినవాళ్ళు పిల్లాపాపలతో పెరిగి, మిగతా రాళ్ళకు పాకితే తొట్టి నిలబడుతుందట. అందుకు వారాలు పడుతుందట. సరళ ఆ రాయి దగ్గరికి వంగి, ఎవరూ వినకుండా, "మీరే కాపాడాలె" అంది. శుక్రవారం ఏ రాయికీ అంత భక్తిగా దండం పెట్టి ఉండదు.

మధ్యాహ్నం దాటేసరికి నీళ్ళు పాల నుంచి మజ్జిగ అయ్యాయి. మజ్జిగ నుంచి గంజి అయ్యాయి. చేపలు రెండూ కనిపించాయి, మెల్లగా ఈదుతున్నాయి. వాటి వెనక తెల్లటి రాళ్ళు కూడా కనిపించాయి, దాచడానికి వీల్లేనంత తెల్లగా.

"ఏం చెప్తవు?" అంది సరళ.

"నిజమే చెప్త," అన్నాడు రాజేశం. అని, చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.

అసర్ నమాజు అయింది. తలుపు తట్టిన చప్పుడు. సరళ, సంధ్య వంటింటి పరదా వెనక్కి వెళ్ళారు. అబూ తుర్కీ తెల్లటి నిలువు చొక్కా మడత నలగకుండా పట్టుకుని లోపలికి వచ్చాడు. సలాములయ్యాయి. భోజన్న ఉప్పు డబ్బాతో సహా లేచి నిలబడి సలాం చేశాడు.

అబూ తుర్కీ తొట్టి ముందు వంగాడు. రాజేశం నోరు తెరిచాడు. ఒక మాట కూడా రాకముందే ఆయన రెండు చేతులూ పైకెత్తాడు.

"మాషా అల్లా! నదీఫ్! నదీఫ్!"

నదీఫ్ అంటే శుభ్రం. ఆ మాట సరళకు కూడా అర్థమైంది. పరదా అంచు పట్టుకుని ఇంకాస్త ముందుకు వచ్చింది.

అబూ తుర్కీ అరబ్బీ కలిపిన ఉర్దూలో ఆగకుండా మాట్లాడుతున్నాడు. ఈ రాళ్ళ మురికి ఎలా వదులుతుందో తెలియక ఎన్ని నెలలు బాధపడ్డాడో! నీళ్ళు కొంచెం మసకగా ఉన్నాయి, ఫర్వాలేదు, కారులో కదిలితే ఎలాగూ మసకవుతాయి. ఎవరు చేశారు ఇంత మంచి పని? మేడమా? మాషా అల్లా! వాళ్ళ నాన్నగారి మజ్లిస్‌లో, చుట్టాలు కూర్చునే పెద్ద గదిలో, దీనికి ఆరింతల తొట్టి ఉంది. పదేళ్ళ నాటిది. రాళ్ళన్నీ ఊదారంగు, ఆకుపచ్చ, అసహ్యం. ఈ వారం నాన్నగారికి చుట్టాలు వస్తున్నారు. రేపు పొద్దున్నే కారు పంపుతాడు. మేడమ్ వచ్చి ఒక్కసారి చెయ్యి వేస్తే చాలు.

మాట్లాడుతూనే జేబులోంచి ఫోన్ తీశాడు. నఖల్ పేజీ తెరిచి రాజేశానికి చూపించాడు. అందులో రాజేశం పేరు ఇంగ్లీషులో, పక్కన అతని ఫోటో, కింద ఒక పచ్చటి గడి. ఆ గడి మీద అబూ తుర్కీ వేలు, ఇంకా తాకకుండా, కొంచెం పైన ఉంది.

రాజేశం పరదా వైపు తిరిగాడు. తెలుగులో, నవ్వుతూ, పళ్ళ మధ్య నుంచి అన్నాడు: "ముందుగాల ఒత్తనీ. తర్వాత చెప్తం."

"అవు చెల్లె, ఒత్తనీ," అన్నాడు భోజన్న కూడా పళ్ళ మధ్య నుంచే.

సరళ సంధ్య వంక చూసింది. ఆ పిల్ల పొద్దున చూసినట్టే చూస్తోంది.

పదేళ్ళ తొట్టి. ఆరింతల రాళ్ళు. నిన్న తెలియక కడిగింది. రేపు ఆ మజ్లిస్‌లో ముసలాయన చూస్తుండగా, పీచు చేత పట్టుకుని, తెలిసి కడగాలి. ఎల్లుండికి ఆ నీళ్ళు కూడా పాలవుతాయి. ఆ పాలకు ఎవరిని అడుగుతారు?

సరళ కొంగు తల మీదికి లాక్కుని, పరదా తొలగించి ముందు గదిలోకి వచ్చింది. మొగుడు కళ్ళతో వద్దంటున్నాడు. ఆమె అబూ తుర్కీ ముందు నిలబడి, తనకు గట్టిగా వచ్చిన అరబ్బీ మాట ఒక్కటి అంది.

"లా."

కాదు అని.

అబూ తుర్కీ వేలు గడి మీంచి పైకి లేచింది. ముఖంలో నవ్వు ఇంకా ఉంది, కానీ దాని సంగతి దానికి తెలియనట్టుంది. "లేష్?" అన్నాడు. ఎందుకు, అని.

ఎందుకో చెప్పడానికి సరళకు అంత అరబ్బీ రాదు. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"చెప్పయ్యా," అంది. "రాళ్ళు తోమితే నీళ్ళు చెడిపోయినయని, నేనన్నట్టే చెప్పు."

రాజేశం ఫోన్ వంక చూశాడు. తెల్లటి రాళ్ళ వంక చూశాడు. పెళ్ళాం వంక మాత్రం చూడకుండా, గొంతు సవరించుకున్నాడు.